దిగని ఫైళ్ళ గురించి రాయడం: గిట్ పార్షియల్ క్లోన్‌తో నా అనుభవం

"అక్కా, 83 శాతం దగ్గర మళ్ళీ పోయింది."

ఫోన్ ఎత్తగానే వినిపించిన మాట ఇది. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి. వినుకొండ దగ్గర పల్లె. మొదటి కొన్ని వారాలు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ల్యాప్‌టాప్ కొరియర్‌లో వెళ్ళింది, వీపీఎన్ కలిసింది, మెయిల్ తెరుచుకుంది. కోడ్ మాత్రం దిగట్లేదు. మూడు రోజులుగా ఫోన్ హాట్‌స్పాట్ మీద మా రిపోజిటరీని, అంటే కోడూ దాని మార్పుల చరిత్రా ఉండే చోటుని, క్లోన్ చేయాలని (తన మెషీన్‌లోకి కాపీ దింపుకోవాలని) చూస్తున్నాడు. తన ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోతే వాళ్ళ నాన్న ఫోన్, అదీ అయిపోతే పక్కింటివాళ్ళ వైఫై. కొత్త ఉద్యోగం, మొదటి వారం, ఇంకా కోడే చూడలేదని ఎవరితో చెప్పుకుంటాడు? గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

సినిమా డౌన్‌లోడ్ ఆగిపోతే ఆగిన చోటి నుంచి మళ్ళీ అందుకుంటుంది. కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్‌లో క్లోన్ అలా కాదు. మధ్యలో తెగిందంటే అప్పటిదాకా వచ్చిందంతా పోయినట్టే, మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాలి. మా రిపో 11 జీబీ దాటింది. తొమ్మిదేళ్ళుగా చాలామంది చేతులు పడ్డ రిపో అది. ఎవరో డిజైన్ బొమ్మలు కమిట్ చేశారు (గిట్‌లో మార్పుగా నమోదు చేశారు), ఎవరో జావా ప్రోగ్రామ్ మూటలైన జార్ ఫైళ్ళు, ఇంకెవరో టెస్టింగ్ కోసం తీసిన వీడియోలు. తర్వాత వాటిని తీసేశారు కూడా. కానీ గిట్‌లో తీసేసిన ఫైల్ హిస్టరీలో అలాగే ఉంటుంది, క్లోన్ చేసిన ప్రతివాళ్ళకీ దిగుతుంది. ఆఫీసు లైన్ మీద కూర్చున్న మాకు ఆ బరువు ఎప్పుడూ తెలియలేదు. తెలిసింది ఆ అబ్బాయి హాట్‌స్పాట్‌కి.

అప్పటికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, షాలో క్లోన్. డెప్త్ ఒకటి అని పెడితే చివరి కమిట్ మాత్రమే వస్తుంది. అదే చెప్పాను. అరగంటలో దిగింది. ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. మర్నాడు బిల్డ్, అంటే కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే పని, పోయింది. మా బిల్డ్ స్క్రిప్ట్ వెర్షన్ నంబర్‌ని గిట్ డిస్క్రైబ్ కమాండ్ ద్వారా ట్యాగ్‌ల నుంచి (రిలీజ్‌లకి పెట్టే గుర్తుల నుంచి) తీసుకుంటుంది. ఆ క్లోన్‌లో ట్యాగ్‌లు లేవు. ఒక ఫంక్షన్ ఎవరు రాశారో చూద్దామని బ్లేమ్ కొడితే ప్రతి లైనూ అదే చివరి కమిట్ పేరు మీద వచ్చింది, ఆ ఫైలంతా ఆ ముందురోజే పుట్టినట్టు. పాత బ్రాంచ్‌తో, అంటే కోడ్‌లో విడిగా నడిచిన దారితో, మర్జ్ చేసి కలపబోతే రెండు హిస్టరీలకీ సంబంధం లేదంది. సరే, మిగతా హిస్టరీ తెచ్చుకుందామని అన్‌షాలో చేస్తే మళ్ళీ ఆ 11 జీబీయే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ రాత్రి కూర్చుని గిట్ మాన్యువల్‌లో క్లోన్ పేజీ మొత్తం చదివాను. పన్నెండేళ్ళుగా గిట్ వాడుతున్నాను, ఆ పేజీ పూర్తిగా చదవడం అదే మొదటిసారి. ఫిల్టర్ అనే ఆప్షన్ అక్కడ కనిపించింది.

గిట్ లోపల ప్రధానంగా మూడు రకాల వస్తువులు ఉంటాయి. ఫైల్ లోపలి సరుకు బ్లాబ్. ఏ ఫోల్డర్‌లో ఏ పేరు కింద ఏ బ్లాబ్ ఉందో చెప్పే జాబితా ట్రీ. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెప్పేది కమిట్. బరువంతా బ్లాబ్‌లదే. పార్షియల్ క్లోన్ అంటే, "కమిట్‌లు, ట్రీలు అన్నీ ఇప్పుడే ఇవ్వు, బ్లాబ్‌లు నాకు అవసరం పడినప్పుడు అడుగుతాను" అని సర్వర్‌తో మాట్లాడుకోవడం. షాలో క్లోన్‌లో హిస్టరీయే తెగిపోతుంది. ఇందులో హిస్టరీ పూర్తిగా ఉంటుంది, పాత ఫైళ్ళలోని సరుకు మాత్రం సర్వర్ దగ్గరే ఆగుతుంది. 2018లో వచ్చిన గిట్ 2.17తో ఈ సదుపాయం మొదలైంది. అంతకు ముందు ఏడాదే మైక్రోసాఫ్ట్ వాళ్ళు విండోస్ కోడ్ మొత్తాన్ని గిట్‌లోకి తెచ్చారు. 35 లక్షల ఫైళ్ళు, దాదాపు 300 జీబీ. దానికోసం వాళ్ళు ప్రత్యేకంగా ఒక ఫైల్ సిస్టమే కట్టుకోవాల్సి వచ్చింది. లినస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాసింది లినక్స్ కెర్నల్ కోసం, ప్రతివాళ్ళ దగ్గరా మొత్తం కాపీ ఉండాలన్న ఉద్దేశంతో. ఆ ఉద్దేశానికి ఈ పెద్ద రిపోలు మోయలేనంత బరువయ్యాయి.

మర్నాడు పొద్దున ఫోన్లో కమాండ్ చెప్పాను.

"గిట్ క్లోన్, స్పేస్, రెండు డాష్‌లు, ఫిల్టర్, ఈక్వల్ టు, బ్లాబ్, కోలన్, నన్."

"బ్లాబ్ అంటే బీ ఎల్ ఓ బీయేనా అక్కా?"

"అవును. నన్ అంటే ఎన్ ఓ ఎన్ ఈ. మధ్యలో ఎక్కడా స్పేస్ పెట్టకు."

ఎంటర్ కొట్టాక మొదట వచ్చిన లైన్ చదివి వినిపించాడు. "ఫిల్టరింగ్ నాట్ రికగ్నైజ్డ్ బై సర్వర్, ఇగ్నోరింగ్ అని వచ్చిందక్కా. కానీ డౌన్‌లోడ్ నడుస్తోంది." వెంటనే ఆపెయ్యమన్నాను. ఆ హెచ్చరిక ఒక్క లైనే, తర్వాత వచ్చే అంకెల హడావిడిలో కలిసిపోతుంది. అది రావడమంటే ఫిల్టర్ మాట సర్వర్‌కి అర్థం కాలేదని, మామూలుగా మొత్తం పంపిస్తోందని. తను ఆ లైన్ చదవకపోయి ఉంటే ఆ రోజు డేటా కూడా పోయేది. మా సర్వర్ మేమే నడుపుకునేది. అందులో అప్‌లోడ్‌ప్యాక్ కింద అలౌ ఫిల్టర్ అనే సెటింగ్ ఆన్ చేయాలి. సర్వర్ చూసే అన్నయ్యకి చెప్తే సాయంత్రానికి చేసిపెట్టాడు.

మర్నాడు రెండోసారి మొదలుపెట్టాం. కౌంటర్ వంద శాతానికి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ సున్నా నుంచి మొదలైంది.

"అక్కా! మళ్ళీ మొదటికొచ్చింది!"

నాకూ ఒక క్షణం గుండె జారింది. తర్వాత తెలిసింది ఏమిటంటే, కౌంటర్ రెండుసార్లు నడవడమే ఇక్కడ సరైన పద్ధతి. మొదటిసారి కమిట్‌లు, ట్రీలు వస్తాయి. రెండోసారి, ఇప్పుడు మనం ఉన్న బ్రాంచ్‌లోని ఫైళ్ళని డిస్క్ మీద పరచడానికి కావలసిన బ్లాబ్‌లు ఒక్క మూటగా వస్తాయి. రెండూ కలిపి ఒకటిన్నర జీబీ లోపే అయింది. ఆ రోజు మధ్యాహ్నానికి బిల్డ్ నడిచింది, సాయంత్రం తన మొదటి మార్పు రివ్యూకి పంపాడు.

ఈ సంగతి వికీలో పెట్టమని మేనేజర్ అన్నారు. ఒక సాయంత్రం కూర్చుని పెట్టేశాను. మూడు కమాండ్లు, ఒక్కోదాని కింద ఒక్క లైన్ వివరణ. బ్లాబ్ కోలన్ నన్ పెడితే ఫైళ్ళ సరుకు రాదు. బ్లాబ్ కోలన్ లిమిట్ పెడితే ఫలానా సైజు, అంతకు మించినవి రావు. ట్రీ కోలన్ సున్నా పెడితే ట్రీలు కూడా రావు, అన్నిటికంటే చిన్న క్లోన్ ఇదే. రాసినవన్నీ నిజాలే. అయినా ఆ పేజీ వల్ల ఒకరికి నష్టం జరిగింది.

టెస్టింగ్ టీమ్‌లో ఒకావిడ ఆ పేజీ చూసి, "అన్నిటికంటే చిన్నది" అని ఉంది కదా అని ట్రీ కోలన్ సున్నాతో క్లోన్ చేసుకున్నారు. క్లోన్ నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఒక ఫోల్డర్ హిస్టరీ చూద్దామని గిట్ లాగ్ కొడితే తెర మీద ఏమీ రాకుండా కర్సర్ అలాగే ఉండిపోయింది. ఒక ఫోల్డర్‌ని ఏ కమిట్ మార్చిందో తెలియాలంటే ప్రతి కమిట్‌కీ దాని ట్రీ కావాలి. ట్రీలు ఇంట్లో లేవు. ఒక్కో కమిట్ దగ్గర ఆగి సర్వర్‌కి పరిగెత్తాలి. ఆవిడ రెండు రోజులు తన మెషీన్‌లోనే ఏదో తేడా ఉందనుకుని గిట్‌ని తీసేసి మళ్ళీ పెట్టుకున్నారట. ఆ క్లోన్ బిల్డ్ మెషీన్ కోసం. క్లోన్ చేసి, బిల్డ్ చేసి, ఆ ఫోల్డర్ పారేసే చోట అది బంగారం. రోజంతా కోడ్‌తో కూర్చునే మనిషికి కాదు. ఆ మాట నేను రాయలేదు.

మా టీమ్‌లో అందరికంటే పెద్దాయన ఆ పేజీ చదివి నన్ను పిలిచి ఒక్క ప్రశ్న అడిగారు. "ఏం దిగుతుందో రాశావమ్మా. ఏం దిగదో, అది లేకపోతే ఏం జరుగుతుందో ఎక్కడ రాశావు?"

ఆ ప్రశ్న నాకు పట్టుకుంది. సాధారణంగా మనం రాసే డాక్యుమెంట్లు ఉన్నవాటి గురించి. ఈ పని చేస్తే ఇది వస్తుంది అని. పార్షియల్ క్లోన్ దగ్గర మనిషికి తెలియాల్సింది లేనివాటి గురించి. లేనిది అక్కడ లేదని గిట్ ముందుగా చెప్పదు. గిట్ స్టేటస్ కొడితే అంతా బాగానే ఉందంటుంది. లాగ్ వస్తుంది, బ్రాంచ్‌లు కనిపిస్తాయి. అవసరం పడ్డ క్షణంలోనే ఖాళీ బయటపడుతుంది, ఆ క్షణం సాధారణంగా రిలీజ్ రోజో, నెట్ లేని చోటో అవుతుంది. అందుకే పేజీ మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. నా చేత్తో చేసి చూడని వాక్యం ఒక్కటి కూడా అందులో ఉండకూడదు.

ముందు లేనివి ఎన్నో లెక్కపెట్టే దారి వెతికాను. చిన్న టెస్ట్ రిపో ఒకటి తయారుచేసి, నా మెషీన్ మీదే ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి ఫిల్టర్‌తో క్లోన్ చేశాను. ఫిల్టర్ పనిచేయలేదు. పక్క ఫోల్డర్ దారి నేరుగా ఇస్తే గిట్ ఫిల్టర్‌ని పట్టించుకోదు, ఫైల్ కోలన్ స్లాష్ స్లాష్ అని అడ్రస్‌లా రాసి ఇవ్వాలి. ఆ హెచ్చరిక కూడా ఒక్క లైనే. ఇంట్లో ప్రయోగం చేసి నేర్చుకుందామనుకునేవాళ్ళు మొదట పడేది ఈ గుంతలోనే కాబట్టి దాన్ని డాక్యుమెంట్‌లో ముందే రాశాను. తర్వాత రెవ్ లిస్ట్ కమాండ్‌కి ఆబ్జెక్ట్స్, మిస్సింగ్ ఈక్వల్ టు ప్రింట్ అనే రెండు ఆప్షన్లూ కలిపి నడిపాను. తెర నిండా ఆబ్జెక్ట్‌ల పొడుగాటి ఐడీలు, వాటిలో కొన్నిటి ముందు ప్రశ్నార్థకం గుర్తు. ఆ గుర్తున్నవి మన దగ్గర లేనివి. మా అసలు రిపోలో నడిపితే ప్రశ్నార్థకాల వరుస ఆగకుండా కిందికి పోతూనే ఉంది. మన ఫోల్డర్‌లో లేని వస్తువుల జాబితా కళ్ళతో చూడటం అదే మొదటిసారి. ఈ కమాండ్‌ని పేజీలో మొదటి విషయంగా పెట్టాను.

తర్వాత బ్లేమ్. ఎవరైనా సరిచూసుకోవడానికి వీలుగా ఉంటుందని లినక్స్ కెర్నల్ రిపోని వాడాను. పది లక్షల కమిట్‌లు దాటిన రిపో, ఎవరికైనా అందుబాటులో ఉండేది. అందులో మెయింటెయినర్స్ అనే ఫైల్ ఉంది. ఏ భాగానికి ఎవరు బాధ్యులో రాసి ఉండే ఫైల్, వేల సార్లు మారింది. బ్లాబ్‌లు లేని క్లోన్‌లో ఆ ఫైల్ మీద బ్లేమ్ కొట్టి, లోపల ఏం జరుగుతోందో చూడటానికి గిట్ ట్రేస్ ఆన్ చేశాను. ఫెచ్, అంటే సర్వర్ నుంచి తెచ్చుకుంటున్నానన్న లైన్ ఒకటి వచ్చింది. ఒక సెకను. మళ్ళీ అదే ఫెచ్. మళ్ళీ అదే. ఒక్కో పాత వెర్షన్ కోసం ఒక్కోసారి సర్వర్ దాకా వెళ్ళి ఒక్క బ్లాబ్ పట్టుకొస్తోంది. ఉప్పుకి ఒకసారి, పప్పుకి ఒకసారి, చింతపండుకి ఒకసారి కొట్టుకి వెళ్ళొచ్చినట్టు. టీ తాగొచ్చాను, ఇంకా నడుస్తూనే ఉంది. బ్రాంచ్ మారినప్పుడు మాత్రం ఇలా జరగదు. అప్పుడు ఏ ఫైళ్ళు కావాలో గిట్‌కి ముందే తెలుసు కనుక అన్నీ ఒకేసారి తెప్పించుకుంటుంది. బ్లేమ్‌కి తర్వాత ఏది కావాలో ముందున్నది చూస్తేగానీ తెలియదు. గిట్ సోర్స్‌లోనే పార్షియల్ క్లోన్ డిజైన్ గురించి ఒక సాంకేతిక పత్రం ఉంది, దాన్ని రాసినవాళ్ళు ఈ పరిమితిని దాచకుండా అందులోనే చెప్పారు. అది చదివాక నాకు ధైర్యం వచ్చింది. తయారుచేసినవాళ్ళే లోపం రాసుకున్నప్పుడు వాడుకునే మేము రాసుకోవడానికి ఏం అడ్డం?

కాబట్టి బ్లేమ్ గురించి మా పేజీలో ఇలా రాశాను. బ్లాబ్ కోలన్ నన్ క్లోన్‌లో ఎక్కువసార్లు మారిన ఫైల్ మీద బ్లేమ్ చేయొద్దు, బ్రౌజర్‌లో సర్వర్ పేజీ తెరిచి అక్కడ చూసుకోండి. రోజూ బ్లేమ్ అవసరమయ్యేవాళ్ళు బ్లాబ్ కోలన్ లిమిట్ ఈక్వల్ టు ఒక ఎంబీ అని పెట్టుకోండి. మా బరువంతా వీడియోలు, జార్‌లు, బొమ్మలదే. కోడ్ ఫైల్ ఏదీ ఒక ఎంబీ దాటదు. అలా చేస్తే కోడ్ హిస్టరీ మొత్తం ఇంట్లో ఉంటుంది, పెద్ద ఫైళ్ళు మాత్రమే సర్వర్ దగ్గర ఆగుతాయి. నిజానికి మా రిపోకి అన్నిటికంటే తగిన క్లోన్ అదే. మొదటి పేజీలో దానికి నేను ఒక్క లైన్ కేటాయించాను. రెండో పేజీలో మా టీమ్‌కి సిఫార్సు అదే.

ఒక ఆదివారం ఇంట్లో వైఫై ఆపేసి కూర్చున్నాను. రోజూ వాడే కమాండ్లు ఒక్కొక్కటే నడుపుతూ ఏది పనిచేస్తుందో, ఏది ఆగుతుందో కాగితం మీద రాసుకున్నాను. స్టేటస్, కమిట్, కొత్త బ్రాంచ్, లాగ్ బాగానే నడిచాయి. ఒక ఫైల్ పేరు ఇచ్చి లాగ్ అడిగినా వచ్చింది, ట్రీలు ఉన్నాయి కనుక. పాత రిలీజ్ ట్యాగ్‌కి మారబోతే ప్రామిసర్ రిమోట్ (మిగతా వస్తువులు ఇవ్వాల్సిన సర్వర్) నుంచి తేలేకపోయానంటూ ఆగిపోయింది. పాత కమిట్‌తో తేడా చూపించే డిఫ్, ఆగింది. మర్జ్ మాత్రం కొన్నిసార్లు నడిచింది, కొన్నిసార్లు ఆగింది. మొదట ఎందుకో అర్థం కాలేదు. మర్జ్‌లో రెండు వైపుల ఫైళ్ళే కాదు, ఆ రెండూ విడిపోక ముందున్న ఉమ్మడి వెర్షన్ కూడా కావాలి. అది మన దగ్గర లేకపోతే ఆగుతుంది. ఆ కాగితాన్నే యథాతథంగా పట్టికగా పేజీలో పెట్టాను.

బిల్డ్ మెషీన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అందులో ఉన్నది సెంటాస్ 7 అనే పాత లినక్స్, దానితో వచ్చింది గిట్ 1.8.3.1. ఫిల్టర్ అన్న మాటే దానికి తెలియదు. గిట్ మార్చేసరికి తీరిపోయింది.

బ్యాకప్ సంగతి మాత్రం అలా వదిలేసేది కాదు. ఇన్నేళ్ళూ మాకు ఒక ధీమా ఉండేది. సర్వర్ పోయినా పర్వాలేదు, ఇరవై ల్యాప్‌టాప్‌లలో ఇరవై పూర్తి కాపీలున్నాయి అని. అందరూ పార్షియల్‌కి మారిపోతే ఆ ధీమా మాకు తెలియకుండానే పోతుంది. సర్వర్ డిస్క్ పోయిన రోజున పాత బ్లాబ్‌లు ఎవరి దగ్గరా ఉండవు. ఈ మాట మీటింగ్‌లో చెప్పినప్పుడు గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. ఆ వారమే ఆఫీసులో ఒక పాత మెషీన్‌ని కేటాయించి, ఏదీ వదలకుండా మొత్తం దింపే మిర్రర్ క్లోన్ చేసి, రోజూ రాత్రి అప్‌డేట్ అయ్యేలా పెట్టాం. డాక్యుమెంట్‌లో పార్షియల్ క్లోన్ గురించి పెద్ద అక్షరాలతో ఒక శీర్షిక ఇచ్చాను: ఇది బ్యాకప్ కాదు. అలాగే పార్షియల్ క్లోన్ నుంచి ఇంకొకరు క్లోన్ చేసుకోకూడదని కూడా రాశాను.

పేజీ పూర్తయ్యాక ముందుగా చూపించింది ఆ అబ్బాయికే. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి చదువుతూ చేసుకుపొమ్మన్నాను. నా మైక్ ఆపేసుకున్నాను. తను ఎక్కడ ఆగితే అక్కడ నా రాత సరిగా లేనట్టు. సాఫీగా పోతూ ప్రామిసర్ అన్న మాట దగ్గర ఆగాడు. మౌస్ ఆ మాట మీదే అటూ ఇటూ తిరిగింది. గిట్ భాషలో ప్రామిసర్ రిమోట్ అంటే, ఇప్పుడు ఇవ్వని వస్తువులని అడిగినప్పుడు ఇస్తానని మాటిచ్చిన సర్వర్. నేను దానికి రాసిన నిర్వచనం నాలుగు లైన్లు ఉంది. తను రెండుసార్లు చదివాడు.

మైక్ ఆన్ చేసి చెప్పబోతుంటే తనే అన్నాడు. "ప్రామిసరీ నోటు లాంటిదా అక్కా? నాన్న పంటకి అప్పు తెచ్చేటప్పుడు రాస్తారు కదా, ప్రోనోటు. తమరు కోరినప్పుడు చెల్లిస్తానని."

నేను నాలుగు లైన్లలో చెప్పలేకపోయింది అదే. సర్వర్ మనకి బాకీ ఉన్న బ్లాబ్‌లకి ప్రోనోటు రాసిచ్చింది. మన దగ్గర సొమ్ము లేదు, నోటు ఉంది. కోరినప్పుడు ఇస్తుంది. ఇచ్చేవాడు ఊళ్ళో లేకపోతే నోటు చేతిలో ఉన్నా ఆ పూటకి గడవదు. మన నోటు చూపించి పక్కవాడికి డబ్బివ్వలేం కనుకే మన పార్షియల్ క్లోన్ నుంచి ఇంకొకరు క్లోన్ చేసుకోకూడదు. ఎవరి దగ్గరా సొమ్ము లేకుండా అందరి దగ్గరా నోట్లే ఉంటే ఏమవుతుందో బ్యాకప్ శీర్షిక చెప్తుంది. నా నిర్వచనం తీసేసి ఆ ఒక్క పోలిక పెట్టాను. మా టీమ్‌లో తెలుగువాళ్ళు కానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి అది ఇంగ్లీషులో చెప్పినా ఇట్టే అర్థమైంది.

ఇంకో రెండు విషయాలు తర్వాత చేరాయి. స్పార్స్ చెకవుట్ ఒకటి. 2020 జనవరిలో వచ్చిన గిట్ 2.25 నుంచి దానికి సొంత కమాండ్ ఉంది. మా రిపోలో మొబైల్ యాప్ చేసేవాళ్ళకి సర్వర్ వైపు ఫోల్డర్లతో పని ఉండదు. కావలసిన ఫోల్డర్ల పేర్లు ఇస్తే అవే డిస్క్ మీదకి వస్తాయి. ఫిల్టర్‌తో కలిపి వాడితే మిగతా ఫోల్డర్ల బ్లాబ్‌లు దిగనే దిగవు. ఫిల్టర్ ఒక్కటే పెడితే ఇప్పటి ఫైళ్ళన్నీ దిగుతాయి, స్పార్స్ ఒక్కటే పెడితే హిస్టరీ అంతా దిగుతుంది. రెండూ కలిస్తేనే పూర్తి ప్రయోజనం. రెండోది బ్యాక్‌ఫిల్, 2025 మార్చిలో వచ్చిన గిట్ 2.49లో చేరిన కొత్త కమాండ్. లేని బ్లాబ్‌లని ఒక్కొక్కటిగా కాకుండా మూటలు మూటలుగా తెచ్చిపెడుతుంది. ఆఫీసుకి వచ్చిన రోజున ఇది నడిపి వదిలేస్తే ఇంటికెళ్ళాక బ్లేమ్‌కి ఇబ్బంది ఉండదు. ఇంకా ప్రయోగ దశలో ఉన్న కమాండ్ అని మాన్యువల్‌లోనే ఉంది కనుక ఆ మాటతో సహా రాశాను.

పేజీలో ఆఖరి భాగం మాత్రం నేను రాయలేదు. సంక్రాంతికి ఊరెళ్తూ ఆ అబ్బాయి ఆఫీసులో గిట్ ఫెచ్ చేసుకుని బస్సెక్కాడు. మిర్యాలగూడ దాటాక, సిగ్నల్ సరిగా లేని చోట, నేను ముందురోజు పెట్టిన బ్రాంచ్‌కి మారబోతే గిట్ ఆగిపోయింది. ఫెచ్ చేశాను కదా, ఎందుకు లేదు? క్లోన్ చేసేటప్పుడు పెట్టిన ఫిల్టర్‌ని గిట్ గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత చేసే ప్రతి ఫెచ్‌కీ అదే వర్తిస్తుంది. ఫెచ్‌తో వచ్చింది కమిట్‌లు, ట్రీలే. వైఫై ఆపేసి ఆదివారమంతా కూర్చున్న నాకు ఈ సంగతి తట్టలేదు. పండగ అయి తిరిగొచ్చిన రోజు తను డాక్యుమెంట్‌లో మార్పు రాసి నా రివ్యూకి పంపాడు. "బస్సెక్కే ముందు" అని శీర్షిక. కింద మూడే వాక్యాలు. ఫెచ్ చేస్తే సరిపోదు. దారిలో చూడాలనుకున్న ప్రతి బ్రాంచ్‌కీ ఆఫీసులో ఉండగానే ఒకసారి మారండి. తర్వాత వైఫై ఆపేసి ఇంకోసారి మారి చూడండి.

ఒక్క అక్షరం మార్చకుండా కలిపేశాను.